లవంగ నూనె బకెట్

పోయిన నెల అమెరికాలో మేముండే బెంటన్‌విల్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. కొత్త ఇల్లు, గోడల పెయింటు వాసన ఇంకా పోలేదు. వంటింట్లో ఎవరో పులావు కోసం కాగిన నేతిలో లవంగాలు వేశారు. ఆ ఘాటు హాల్లోకి రాగానే అందరికీ ఆకలి పుట్టింది. నేను మాత్రం చేతిలో ప్లేటు పక్కన పెట్టేసి ఇంటి వెనక చెక్క డెక్ మీదికి వెళ్ళిపోయాను. వెనకే వచ్చిన ఇంటావిడ ఎలర్జీనా అని అడిగింది. కాదన్నాను. నిజం చెబితే పాపం ఆవిడకి ఆ పూట భోజనం సహించదు. లవంగాల వాసన తగిలితే నాకు పులావు గుర్తుకురాదు. తెల్లటి ప్లాస్టిక్ బకెట్ గుర్తుకొస్తుంది. అందులో నీళ్ళు, నీళ్ళ మీద తేలే నూనె, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని "మెల్లిగా పొయ్యి, తొందరేం లేదు" అంటున్న వనజ ఆంటీ గుర్తుకొస్తారు.

ఆ గృహప్రవేశానికి వచ్చినవాళ్ళలో ఆంటీని ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. ఈ ఊళ్ళో మనవాళ్ళ సంగతి అంతే. పెద్ద రిటైల్ కంపెనీ ఆఫీసులో కాంట్రాక్టు ఉన్నన్నాళ్ళు ఉంటారు, అయిపోతే డాలస్‌కో షార్లెట్‌కో సర్దుకుంటారు. కొన్నేళ్ళకి ఒక పార్టీలో ఉన్న ముఖం ఇంకో పార్టీలో కనబడదు. భోజనాల దగ్గర ఒక అంకుల్ నన్ను ఏం చేస్తావని అడిగారు. చేపల మీద పని అన్నాను. "ఓ, ఆక్వా బిజినెస్సా? ఎక్స్‌పోర్ట్సా?" అన్నారు ఆసక్తిగా. కాదండీ, యూనివర్సిటీ తరఫున వాగుల్లో ఉండే చేపలు అక్కడే ఉండేటట్టు చూసే పని అన్నాను. ఆయన ఆసక్తి అక్కడితో చల్లారిపోయింది. ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం కూడా నాకు ఆంటీయే నేర్పారు. వివరంగా చెప్పకు, వాళ్ళకి అన్నం చల్లారిపోతుంది అనేవారు.

ఆవిడని మొదటిసారి చూసినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. మేం వరంగల్ నుంచి వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. ఎవరో పిల్లాడి బర్త్‌డే, సరస్సు ఒడ్డున పార్కులో. ఆడవాళ్ళందరూ పట్టుచీరల్లో ఉంటే ఆవిడ నేరుగా ఆఫీసు నుంచి వచ్చినట్టున్నారు. భుజాన బ్యాడ్జి కుట్టిన ఆకుపచ్చ చొక్కా, మోకాళ్ళ దాకా బురద ఆరిన ప్యాంటు. ఆవిడ కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ అంత తొందరగా చేరలేదు. మా అమ్మ గొంతు తగ్గించి చేపల ఆఫీసులో పనంట అని చెప్పింది. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా రానివ్వరు కాబట్టి అమ్మకి ఆ మాట అనడమే కష్టంగా ఉంది.

అంతలో ఒడ్డున పిల్లలు బొమ్మ గాలంతో నిజంగానే ఒక చేపని లాగేశారు. చెయ్యెడల్పు బ్లూగిల్, ఇక్కడి చెరువుల్లో మామూలుగా ఉండే చేప. అది గడ్డిలో పడి ఎగురుతుంటే పిల్లలు కేకలు పెట్టి చెదిరిపోయారు. నేను పరిగెత్తి పేపర్ నాప్‌కిన్‌తో పట్టుకోబోయాను. వెనక నుంచి ఒక గొంతు, అరుపు కాదు, మామూలుగా, "ముందు చేతులు తడుపుకో" అంది. తిరిగి చూస్తే ఆవిడ. పొడిచేతులతో, పేపరుతో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు ఊడిపోతుందని, ఆ జిగురే దానికి చర్మం లాంటిదని, అది పోతే నీళ్ళలో వదిలినా తర్వాత జబ్బు చేసి చస్తుందని చెప్పారు. నేను చేతులు నీళ్ళలో ముంచి, చేపని ఎత్తి, గాలం తీసి వదిలాను. ఆవిడ శభాష్ అనలేదు. "శనివారం ఖాళీనా?" అని అడిగారు. ఆ తర్వాత నేను ఖాళీగా ఉన్న శనివారాలు చాలా తక్కువ.

వనజ ఆంటీది భీమవరం పక్క. వాళ్ళ నాన్నగారికి చేపల చెరువులుండేవి. "మా ఊళ్ళో చేపంటే క్యాష్. దాని పేరు కూడా ఎవరూ అడగరు, రేటు అడుగుతారు" అనేవారు. ఫిషరీస్ చదివారు, ఉద్యోగంలో చేరబోతుండగా పెళ్ళయి, భర్త ఉద్యోగం మీద వచ్చే హెచ్-ఫోర్ వీసాతో ఇక్కడికి వచ్చారు. ఆ వీసాతో ఆ రోజుల్లో పని చేయడానికి వీల్లేదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని దగ్గర్లో ఉన్న స్టేట్ హ్యాచరీకి, చేపపిల్లల్ని పెంచే చోటికి, వెళ్ళి జీతం లేకుండా తొట్లు కడుగుతానన్నారట. గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఏళ్ళ తరబడి అలాగే కడిగారు. కార్డు వచ్చాక అదే ఆఫీసు ఆవిడని బయాలజిస్టుగా తీసుకుంది. ఇదంతా నాకు ఆవిడ చెప్పినది కాదు, మా అమ్మ తన స్నేహితురాళ్ళ దగ్గర సేకరించింది. ఊరికే పని చేసిందట, అదీ చేపల తొట్లు కడిగే పని అని అమ్మ ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యంలో మెచ్చుకోలు కొంచెం కూడా లేదు.

ఆంటీ కారు డిక్కీ ఒక చిన్న ప్రపంచం. చంకల దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు, వాటినే వేడర్స్ అంటారు, రెండు జతలు. వలలు, బకెట్లు, వాటి మధ్య ఒక ఆవకాయ సీసా. మధ్యాహ్నం వాగు ఒడ్డున బ్రెడ్డు ముక్కకి ఆవకాయ రాసుకుని తినేవారు. నాకూ రాసిచ్చేవారు. మా పని ఎక్కువగా ఒక్క వాగులోనే. ఊటనీళ్ళ వాగు, వేసవిలో కూడా కాళ్ళు జివ్వుమంటాయి. అందులో వేలెడంత చేప ఒకటి ఉంటుంది, డార్టర్ అంటారు. చల్లటి తేట నీళ్ళు, నాచు, అడుగున బురద లేని చోటు కావాలి దానికి. అలాంటి చోట్లు తక్కువ కాబట్టి ఆ చేపలూ తక్కువ. ఆంటీ వీపున పెట్టె తగిలించుకుని నీళ్ళలోకి కొంచెం కరెంటు వదిలేవారు. చేపలు క్షణం పాటు స్పృహ తప్పి పైకి తేలేవి, నేను వలతో ఎత్తి తొట్టిలో వేసేదాన్ని. చూసుకుని, రాసుకుని, తేరుకున్నాక మళ్ళీ వదిలేసేవాళ్ళం. చేతులు తడుపుకున్నావా అని అడగడం మాత్రం ఆవిడ ఒక్కసారి కూడా మానలేదు. పక్కవాళ్ళు విసుక్కుంటున్నారన్న స్పృహ ఆవిడకి లేదు. నేను బాగానే విసుక్కునేదాన్ని.

కాలేజీలో మా నాన్న మాట ప్రకారం కంప్యూటర్ సైన్స్‌లో చేరాను. మొదటి ఏడు చదివి వేసవి సెలవులకి ఇంటికి వచ్చేసరికి నాకు తెలిసిపోయింది, అది నా వల్ల కాదని. మార్కులు బాగానే వచ్చాయి. కానీ ల్యాబ్‌లో కూర్చున్నంతసేపూ వాగులో నీళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో అని ఆలోచించేదాన్ని. ఫిషరీస్‌కి మారతానని ఇంట్లో చెప్పాను. నాన్న నీ ఇష్టం, అమ్మని ఒప్పించుకో అన్నాడు. మా ఇంట్లో దానికి అర్థం వద్దు అనే. అమ్మ మాత్రం సూటిగానే అడిగింది. "చేపల కాడ ఏం చదువే అది? నలుగురు అడిగితే ఏమని చెప్పాలె?" వీసా సంగతి కూడా ఎత్తింది. కంప్యూటర్ ఉద్యోగమైతే కంపెనీలు వీసా చేస్తాయి, చేపలకి ఎవరు చేస్తారు? చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆ వేసవంతా ఆంటీ దగ్గర వాలంటీరుగా పని చేస్తాను. కాలేజీ తెరిచేలోపు నాకూ అమ్మకూ ఇద్దరికీ సరే అనిపిస్తే మారతాను, లేకపోతే నోరు మూసుకుని కోడింగ్ చేసుకుంటాను.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఊరొదిలి వెళ్ళే ప్రతి తెలుగు కుటుంబమూ ఏదో ఒకటి మా అమ్మకి అప్పజెప్పి వెళ్ళేది. తులసి మొక్క, దేవుడి పటం, సగం వాడిన ఇంగువ డబ్బా. పిల్లలున్న ఇళ్ళయితే అక్వేరియం. కారులో అంతదూరం గోల్డ్‌ఫిష్‌ని ఎవరు తీసుకెళ్తారు? టాయిలెట్లో వేసి ఫ్లష్ చేయడానికి మనవాళ్ళకి మనసొప్పదు. అమ్మ దానికొక పద్ధతి కనిపెట్టింది. మా కాలనీ వెనక పాండ్ అని ఒక చిన్న చెరువుంది. వెళ్ళేవాళ్ళ పిల్లలని అక్కడికి తీసుకెళ్ళి, ఒడ్డున రాయికి పసుపూ కుంకుమా పెట్టించి, చేపలకి టాటా చెప్పించి నీళ్ళలో వదిలించేది. ఒక జీవికి స్వేచ్ఛ ఇచ్చామని పిల్లలు సంతోషంగా కారెక్కేవాళ్ళు. ఆ పాండ్ మా అమ్మ దృష్టిలో గోడలు లేని అక్వేరియం. కొన్నేళ్ళపాటు అది ఒక చిన్న ఆనవాయితీ అయిపోయింది, వేరే వీధుల వాళ్ళు కూడా ఫోన్ చేసి వచ్చేవాళ్ళు. నేనెప్పుడూ ఆ పూజకి వెళ్ళేదాన్ని కాదు, అమ్మ చాదస్తాల్లో అదొకటి అనుకునేదాన్ని.

జూన్‌లో వారం రోజులు వానలు పడ్డాయి. నీళ్ళు తేటపడ్డాక ఆంటీ, నేనూ వాగులోకి దిగాం. మొదటి మలుపులోనే నా వలలో నారింజరంగు మెరిసింది. ఎత్తి చూస్తే గోల్డ్‌ఫిష్. అక్వేరియంలో ఉండే బొటనవేలంతది కాదు, నా అరచెయ్యి దాటి ఉంది. ఇంకొంచెం ముందుకు వెళ్తే మరో నాలుగు. వాటి కింద అడుగంతా తవ్వేసినట్టు బురద. ఎప్పుడూ డార్టర్లు దొరికే ఆ మడుగులో ఆ రోజు ఒక్కటీ దొరకలేదు. ఆంటీ పెట్టె ఆపేసి నీళ్ళలోనే నిలబడ్డారు. ఇవి ఎక్కడినుంచి వచ్చాయి అని తనలో తనే అనుకున్నారు. నాకు ఎక్కడినుంచి వచ్చాయో తెలుసు. పాండ్ పొంగితే నీళ్ళు పైపులోంచి ఈ వాగులోకే వస్తాయి, ఆ పైపుని రోజూ చూస్తూ పెరిగాను. మా అమ్మ వదిలినవి ఆంటీ అని అక్కడే చెప్పేశాను, పసుపుకుంకుమలతో సహా. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. ఆ చేపలని వేరే బకెట్లో వేసి, మిగిలిన పని పూర్తి చేశారు. ఒడ్డుకి వచ్చి బూట్లు విప్పుతూ, రేపు అమ్మ ఇంట్లో ఉంటుందా అని మాత్రం అడిగారు.

మర్నాడు వచ్చారు. అమ్మ సర్వపిండి చేసి, టీ పెట్టింది. ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక మాట మాట్లాడుకోవడం నేను చూడడం అదే మొదలు. ఆంటీ సర్వపిండి తిని, ఎలా చేశారో అడిగి, అప్పుడు విషయంలోకి వచ్చారు. "విజయ గారూ, మీరు వదిలిన చేపలు బాగున్నాయండీ. బాగా ఎదిగాయి. ప్రాబ్లమ్ అదే." తర్వాత పైపు గురించి, వాగు గురించి, ఈ చేపలు అడుగు తవ్వి పాడుచేసే డార్టర్ గుడ్ల గురించి చెప్పారు. అమ్మ ముఖం మెల్లిగా మాడిపోయింది. ఇన్నేళ్ళూ తను చేసిన మంచిపని ఒకటి ఎవరో వచ్చి తిరగేసి చూపిస్తే ఎవరికైనా అంతే.

"పుణ్యమొస్తదని వదిలిన. చంపితే పాపం గని, బతకనిస్తే పాపమా వనజ గారు?" అంది అమ్మ.

"మీరు తెలిసి చెయ్యలేదు కదండీ. కానీ ఇవి వెళ్ళడానికి ఎన్ని చెరువులైనా ఉన్నాయి. డార్టర్‌కి వెళ్ళడానికి ఇంకో క్రీక్ లేదు."

అయితే ఇప్పుడు ఏం చేస్తారని అమ్మ అడిగింది. వాగులో ఉన్నవి, పాండ్‌లో ఉన్నవి అన్నీ తీసెయ్యాలన్నారు ఆంటీ. తీసి మాకే ఇవ్వండి, ఇళ్ళలో పెంచుకుంటం అంది అమ్మ. కుదరదన్నారు. బయట నీళ్ళలో తిరిగినవాటికి ఏ జబ్బులుంటాయో తెలియదు, వాటిని మరో చోటికి పంపకూడదు. అమ్మ అర్థం చేసుకుని కూడా అడిగింది, మరి తీసి ఏం చేస్తారని. ఆంటీ కప్పు కింద పెట్టారు. "చంపాలండీ" అన్నారు. చుట్టూ తిప్పి చెప్పడం ఆవిడకి రాదు. అమ్మ నా వైపు చూపించి, మా పిల్ల కూడానా అంది. అది హారికనే అడగాలి అన్నారు ఆంటీ. నేను అప్పటికి చేస్తాననే అన్నాను. సినిమాల్లో లాగా ధైర్యంగా కూడా అన్నాను.

పాండ్ పని శనివారం పొద్దున్న పెట్టుకున్నాం. ఇళ్ళ సంఘం అనుమతి తీసుకోవడం, ఆఫీసు నుంచి మరో ఇద్దరిని తేవడం అన్నీ ఆంటీ చూసుకున్నారు. పెద్ద వలని రెండు కొసలా పట్టుకుని నడుము లోతు నీళ్ళలో ఒడ్డు దాకా ఈడ్చుకొచ్చాం. వల దగ్గరపడేకొద్దీ నీళ్ళు ఉడుకుతున్నట్టు కదిలాయి. బ్లూగిల్స్‌నీ, తాబేళ్ళనీ తడిచేతులతో ఎత్తి వెనక్కి వదిలాం. గోల్డ్‌ఫిష్ మాత్రం బకెట్లలోకి. కొన్ని తెల్లమచ్చలవి, కొన్ని వీవెన తోకలవి. తెల్ల మచ్చ ఉన్నదాన్ని నేను గుర్తుపట్టాను. ఊరొదిలి వెళ్ళిపోయిన ఎదురింటి పాప రియా దానికి ఇడ్లీ అని పేరు పెట్టింది. అది అదేనో కాదో నిజానికి చెప్పలేను, కానీ నాకు అదే అనిపించింది.

లవంగ నూనె గురించి నాకు అక్కడే తెలిసింది. మనం పంటినొప్పికి దూదితో పెట్టుకునేదే. నీళ్ళలో కలిపితే చేపలకి మత్తు, ఎక్కువ కలిపితే అవి నిద్రలోకి పోయి ఇంక లేవవు. కొట్టి చంపడం కంటే, ఒడ్డున పడేసి గాలాడక చంపడం కంటే అది నయం. సీసా నా చేతికిచ్చారు ఆంటీ. పొయ్యబోతే చెయ్యి నిలవలేదు. సగం నూనె నా చొక్కా చేతి మీద పడింది. అప్పుడే ఆవిడ బకెట్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాని అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, మెల్లిగా పొయ్యి, తొందరేం లేదు అన్నారు. పోశాను. చేపలు కాసేపు గుండ్రంగా తిరిగి, పక్కకి ఒరిగి, మొప్పలు ఆడించడం మానేశాయి. ఒడ్డున అమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని చివరి బకెట్ దాకా చూసి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి తల మీంచి స్నానం చేశాను, వాసన పోలేదు. అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేకపోయాను. అమ్మ కోప్పడలేదు. నా పక్కన కూర్చుని, "ఇది నీ పని కాదు బిడ్డ. చెయ్యకు" అంది. చెయ్యనని చెప్పాను. చెప్పగానే నాకు హాయిగా అనిపించింది, అది దాచడం ఎందుకు. చేపల్ని కాపాడే ఉద్యోగం అనుకుని వచ్చాను, మొదట చేసిన పెద్ద పని చేపల్ని చంపడం. ఆ రాత్రే ఆంటీకి ఇక రానని మెసేజ్ పెట్టాను. ఆవిడ నుంచి ఓకే అని వచ్చింది, అంతే. అంత చిన్న జవాబు చూసి కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా.

ఆ తర్వాతి వారంలో ఒక సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చారు. నా దగ్గరున్న వేడర్స్ కోసం వచ్చారనుకుని కడిగి ఆరబెట్టినవి తెచ్చి ఇచ్చాను. ఆవిడ వాటిని తీసుకుని వాకిట్లో మెట్టు మీద కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు. బతిమాలతారేమో, ఏం చెప్పాలో అని మాటలు వెతుక్కుంటున్నాను. ఆవిడ బతిమాలలేదు.

"చూడు హారికా, నిన్ను కన్విన్స్ చెయ్యడానికి రాలేదు. వేరే పని ఏదైనా హ్యాపీగా చేసుకో. కానీ నీ చెయ్యి వణికిందని, ఈ పనికి పనికిరానేమోనని మానేస్తుంటే మాత్రం అది రాంగ్. నా చేతులు కూడా వణుకుతాయి. అందుకే బకెట్ పట్టుకుంటా. ఇరవయ్యేళ్ళయినా వణుకు పోలేదు. వణకనివాళ్ళని ఇద్దరు ముగ్గురిని చూశాను, వాళ్ళకి సీసా ఇవ్వను."

బకెట్ కదలకుండా పట్టుకున్నారనుకున్నాను ఆ రోజు. ఆవిడ లేచి, అమ్మ ఉందా అని అడిగి లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి ఆవిడ కారులోంచి ఒక పెద్ద గాజు తొట్టి, ఫిల్టరు దించుతుంటే ఏం జరుగుతోందో అర్థంకాక నేనూ వెళ్ళాను. గరాజ్‌లో బియ్యం బస్తాల పక్కన తొట్టి పెట్టిస్తూ ఆంటీ అమ్మతో చెబుతున్నారు. మనవాళ్ళు ఊరొదిలి వెళ్ళేటప్పుడు ప్రెషర్ కుక్కర్ నుంచి పరుపుల దాకా కొత్తగా వచ్చినవాళ్ళకి ఇచ్చి వెళ్తారు కదా, చేపలని కూడా అలాగే ఇస్తే ఏమవుతుంది? వెళ్ళేవాళ్ళ చేపలు మీ గరాజ్‌లో ఉంటాయి, వచ్చేవాళ్ళ పిల్లలకి మీరిస్తారు. ఊళ్ళోకి ఎవరు వస్తున్నారో, ఎవరు వెళ్తున్నారో మీకు తెలిసినంతగా మా ఆఫీసుకి కూడా తెలియదు. అందుకని ఇది మీరు చెయ్యాల్సిన పని.

అమ్మ వెంటనే సరే అనలేదు. పాండ్ దగ్గర చూసినదాని గురించి అడిగింది. అట్ల చంపేటప్పుడు మీకు ఏమీ అనిపించదా అంది. అనిపిస్తుందండీ, చేతులు వణుకుతాయి అన్నారు ఆంటీ, నాతో చెప్పిన గొంతుతోనే. అమ్మ ఆవిడ చేతుల వైపు చూసింది. తర్వాత లేచి, తొట్టి అక్కడ ఎండ పడుతుంది, ఇటు జరుపుదాం అంది. ఇద్దరూ కలిసి జరిపారు.

శనివారం పొద్దున్న నేను వాగుకి వెళ్దామని లేచి, వేడర్స్ లేవని గుర్తొచ్చి ఆంటీకి ఫోన్ చేశాను. డిక్కీలోనే ఉన్నాయి, రా అన్నారు. వంటింట్లోకి వెళ్ళేసరికి బల్ల మీద రెండు లంచ్ బాక్సులున్నాయి. ఒకటి నాది. రెండోది ఎవరిదని అడిగితే, "ఆమె రోజూ బ్రెడ్డు తింటదంట గద" అంది అమ్మ, నా వైపు చూడకుండా. మా ఒప్పందం గురించి తర్వాత ఇద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆగస్టులో నేను మేజర్ ఫిషరీస్‌కి మార్చుకున్నాను. నాన్న ఆశ్చర్యపోయి అమ్మ ఒప్పుకుందా అని నన్నే అడిగాడు.

ఆ తర్వాతి దారి సాఫీగా సాగిందని చెప్పను. ఫెడరల్ ఉద్యోగాలు సిటిజన్లకే. స్టేట్ ఆఫీసులు వీసా చెయ్యలేమన్నాయి. నాన్న ఉద్యోగం మీద వచ్చిన హెచ్-ఫోర్‌కి వయసు దాటిపోయి, విద్యార్థి వీసా ఎఫ్-వన్‌కి మారాను, మాస్టర్స్ చేశాను, ప్రతి చోటా చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను: స్పాన్సర్‌షిప్ కావాలా? కావాలి. ఒక చలికాలమంతా ఆ తిరస్కారాలే. విసిగిపోయి ఫోన్ చేస్తే ఆంటీ ఓదార్చలేదు. తను తొట్లు కడిగిన ఏళ్ళ సంగతి మొదటిసారి తన నోటితో చెప్పారు. ఆ రోజుల్లో తన మీద తనకే చాలా జాలి వేసేదని, ఆ జాలి తొట్టి కడగడానికి ఎందుకూ పనికి రాలేదని అన్నారు. యూనివర్సిటీలకి వీసా కోటా అడ్డం లేదు, రీసెర్చ్ ల్యాబుల్లో వెతుకు అని కూడా చెప్పారు. అలా వెతికితే దొరికిన ఉద్యోగంలోనే ఇప్పటికీ ఉన్నాను. మొదటి జీతంతో ఏం కొనివ్వను అంటే ఆవకాయకి మంచి నువ్వుల నూనె పంపమన్నారు.

ఇన్నేళ్ళలో చంపాల్సిన పని మళ్ళీ చాలాసార్లు పడింది. అడుగంతా తవ్వే విదేశీ చేపలు, ఒక్కోసారి జబ్బు పట్టిన మన చేపలే. అలాంటి రోజు సాయంత్రం ఆంటీకి ఫోన్ చేసేదాన్ని. ఆవిడ ఎన్ని, ఎక్కడ, ఎలా అని అడిగేవారు కాదు. "చేతులు వణికాయా?" అనేవారు. వణికాయి ఆంటీ అంటే, "గుడ్. పడుకో" అని పెట్టేసేవారు. రిటైరయ్యాక జెర్సీ సిటీలో కూతురి దగ్గరికి వెళ్ళారు. అంత ఎత్తు అపార్ట్‌మెంట్లో ఆవిడని ఊహించుకోవడం కష్టమే, కానీ కిటికీలోంచి నది కనిపిస్తుందని, ఫెర్రీ ఎక్కేవాళ్ళెవరూ నీళ్ళ వైపు చూడరని ఫిర్యాదు చేసేవారు. నిరుడు చలికాలంలో అక్కడే పోయారు. కూతురు ఫోన్ చేసి చెప్పింది. డిక్కీలోని వేడర్స్ నాకిమ్మన్నారట. పోస్టులో వచ్చాయి. మోకాలి దగ్గర ఆవిడే అతికించిన రబ్బరు ముక్క ఇంకా గట్టిగానే ఉంది. ఆవిడ లేని లోటు నాకు పెద్ద మాటల్లో చెప్పడం రాదు. చాలా పెద్దది, అంతే.

అమ్మ గరాజ్‌లో ఇప్పుడు నాలుగు తొట్లున్నాయి. ఊరికి కొత్తగా వచ్చిన పిల్లలు శనివారాలు వచ్చి చేపని ఎంచుకుంటారు. అమ్మ వాళ్ళకి ముందు ఒక షరతు పెడుతుంది: వెళ్ళిపోయేటప్పుడు తిరిగి ఇక్కడికే తెచ్చివ్వాలి, నీళ్ళలో వదలొద్దు. ఇడ్లీని తలచుకుంటుందో లేదో నేను అడగలేదు.

ఆ గృహప్రవేశం అయిన వారానికే మాకు ఒక పని పడింది. పక్క కౌంటీలో ఒక పాండ్. నాతో కొత్తగా చేరిన విద్యార్థిని ఒకమ్మాయి ఉంది. సీసా నేనే తీసుకున్నాను, ఆ అమ్మాయిని బకెట్ అంచు పట్టుకోమన్నాను. పని అయ్యాక కారులో కూర్చుని అలవాటుగా ఫోన్ తీసి, ఆంటీ పేరు దాకా వెళ్ళి ఆగిపోయాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. కాలేజీ రోజుల్లో లాగా నేరుగా అమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మ గరాజ్‌లో తొట్టి కడుగుతోంది. నా చొక్కా నుంచి లవంగాల వాసన తగిలినట్టుంది, చెయ్యి ఆపి నా వైపు చూసింది.

"చేతులు వణికినయా?" అంది.

వణికాయి అన్నాను.

అమ్మ తన తడి చేతులు చున్నీకి తుడుచుకుంది. "మంచిగైంది. రా, అన్నం తిందువు."